కాఫీయు, కసరత్తును, గుండె వడియు: బెంగళూరు నేపథ్యమున ఒక చారిత్రక పరిశీలనము

దేహపరిశ్రమమునకును నాడికిని గల సంబంధము మన వైద్యులకు చిరకాలముగ తెలిసినదే. తెలుగుదేశపు వైద్యులు విశేషముగ ఆదరించిన బసవరాజీయము నాడీపరీక్షకు పెద్దపీట వేసినది. పల్లెలలో వృద్ధులు వైద్యునకు చేయి చాచి "ధాతువు చూడు నాయనా" యనుట నేటికిని వినవచ్చును. పరుగెత్తి వచ్చినవాని ధాతువు ఒక తీరునను, ఆకలిగొన్నవానిది మఱొక తీరునను, భుజించి కూర్చున్నవానిది వేరొక తీరునను నడచునని వారికి అనుభవపూర్వకముగ తెలియును. కాని కాఫీ త్రాగి కసరత్తు చేసినవాని ధాతువు ఎట్లు నడచునో ఆ పాతగ్రంథములలో వెదకిన కానరాదు. కారణము స్పష్టము. ఆ గ్రంథములు పుట్టిననాటికి కాఫీ తెలుగువాని వంటయింటికి రాలేదు.

ఈ ప్రశ్నకు బెంగళూరు నగరమున ఇతర నగరములయందు లేని ప్రాధాన్యము కలదు. దక్షిణదేశమున కాఫీ వర్తకమునకు ఇది కేంద్రము. గరడి మనెల కాలమునుండి నేటి వ్యాయామశాలల వఱకు ఇంటి కప్పు క్రింద కసరత్తు చేయు అలవాటునకును ఇది పేరుపడిన చోటు. తెల్లవాఱుజామున ఒక లోటాడు చిక్కని కాఫీ త్రాగి నేరుగ వ్యాయామశాలకు పోవువారు ఈ నగరమున ప్రతి వీథిలోను కనబడుదురు. వీరిలో తెలుగువారు తక్కువవారు కారు. "కాఫీ త్రాగి కసరత్తు చేసిన గుండె పగులును" అని ఒకరును, "కాఫీ లేనిదే చేయి లేవదు" అని మఱొకరును వాదించుకొనుట పరిపాటి. ఈ రెండు వాదములకును చరిత్ర యేమి చెప్పుచున్నదో, శాస్త్రము ఎంతవఱకు తేల్చినదో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

కాఫీ మన దేశమునకు వచ్చిన కథ అందఱకును తెలిసినదే కనుక దానిని సంగ్రహముగ చెప్పిన చాలును. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ సాధువు మక్కాయాత్ర ముగించుకొని వచ్చుచు అరేబియాలోని మోకా రేవునుండి ఏడు గింజలను తెచ్చి చిక్కమగళూరు సమీపమునగల చంద్రద్రోణ పర్వతముమీద నాటెనని ప్రతీతి. ఆ కొండలకు ఆయన పేరే నిలిచిపోయినది. ఆంగ్లేయుల కాలమున తోటలు విస్తరిల్లెను. 1925లో బాళెహొన్నూరున కాఫీ పరిశోధనకేంద్రము వెలసెను. 1942 నాటి చట్టముచే కాఫీ బోర్డు ఏర్పడి బెంగళూరును తన ప్రధానస్థానముగ చేసికొనెను.

నగరమునందలి కాఫీ కథ ఇంతకంటె రుచికరమైనది. 1924లో మావళ్ళి టిఫిన్ రూమ్సును, 1943లో గాంధీ బజారు విద్యార్థి భవనును పుట్టినవి. కాఫీ బోర్డు వారు తాము నడుపుచున్న కాఫీ హౌసులను మూసివేయ సంకల్పించినపుడు వీథిపాలైన పనివారు ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహముతో సహకారసంఘములుగ ఏర్పడిరి. వానిలో మొట్టమొదటిది 1957 ఆగస్టు 19వ తేదీన ఈ బెంగళూరులోనే పుట్టినది. దీనితోబాటు నగరమునకే ప్రత్యేకమైన యొక ఆచారమును పేర్కొనవలెను. అదియే "బై టూ" కాఫీ. ఒక్క కాఫీ కొని ఇద్దఱు పంచుకొందురు. పరదేశులకు ఇది పిసినారితనముగ తోచవచ్చును గాని స్నేహమునకు ఇంతకంటె చవుకైన సాధనము మఱొకటి లేదు. ఈ ఆచారమునకు ఆరోగ్యశాస్త్రదృష్ట్యా గల విలువ ముందు తెలియగలదు. 1996లో కాఫీ వర్తకముపై బోర్డునకుగల పట్టు సడలినది. ఆ యేడే బ్రిగేడ్ రోడ్డున మొదటి కాఫీ డే అంగడి తెఱవబడినది. అప్పటినుండి లోటా పోయి పెద్ద పింగాణి కప్పు వచ్చినది. కప్పు పెరిగిన కొలది లోనికి పోవు మందును పెరిగినదని చాలమంది గ్రహింపరు.

తెలుగువారు కాఫీకి ఎట్లు లోబడిరో ప్రత్యేకముగ చెప్పనక్కఱలేదు. ఉదయమున చద్దియన్నము, పెరుగు, ఊరగాయ తిని పొలమునకు పోయిన జాతి రెండు మూడు తరములలో కాఫీ నీళ్ళకు మరగినదని పెద్దలు వాపోయిరి. అందు కొంత నిజము లేకపోలేదు. చద్దియన్నములో ఆహారము కలదు. కాఫీలో పాలును చక్కెరయు తీసివేసిన ఆహారము లేదు. ఉన్నది ఉత్తేజము మాత్రమే. అయినను కాలము విచిత్రమైనది. నేడు విశాఖ మన్యమునందలి గిరిజనులు పండించు అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీని తిట్టిన జాతియే కాఫీకి పేరు తెచ్చిన జాతియు నైనది.

ఇక కసరత్తు మాట. బెంగళూరు పాతపేటలలో గరడి మనెలు ఉండెడివి. కొన్ని నేటికిని కలవు. కన్నడమున "గరడి" యనునదియు, మన "సాము గరిడీలు" అను జంటపదములోని "గరిడి"యు ఒక్కటే. ఎఱ్ఱమట్టి పఱచిన చల్లని గది, తక్కువ వెలుతురు, గోడకు ఆనించిన లోడీలు, రాతి సంగడములు, మూలనొక హనుమంతుని పటము. ఇది తెలంగాణమునందలి తాలింఖానాకును, కోస్తాలోని గరిడీకిని, ఇచటి గరడి మనెకును సమానమైన చిత్రము. బెంగళూరు కరగ ఉత్సవమున కత్తి పట్టి నడచు వీరకుమారులు ఇట్టి చోట్లనే సాధన చేయుదురు. దండీలు, బస్కీలు తీసినవాడు త్రాగవలసినది పాలు. తినవలసినవి నెయ్యి, బాదము. మల్లుల ఆహారనియమములలో తేనీటికి గాని కాఫీకి గాని గౌరవస్థానము లేదు. ఉత్తేజకవస్తువులు దేహమును వేడిచేసి బలమును హరించునని వారి నమ్మకము.

ఈ సంప్రదాయమునకు తెలుగునాట శిఖరప్రాయుడు కోడి రామమూర్తినాయుడు. 1882లో శ్రీకాకుళము ప్రాంతమునందలి వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, సర్కసు నెలకొల్పి, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొని, గొలుసులు తెంచి దేశవిదేశముల ఖ్యాతి గడించెను. ఆయన శాకాహారి. 1942లో కీర్తిశేషుడయ్యెను. గుండె వడి నిమిషమునకు ఎంతయో కొలిచి చూచుకొను అలవాటు ఆ తరమువారికి లేదు. ఊపిరి నిలుపగలిగినంతసేపు నిలిపిన చాలునని వారి లెక్క.

కొలతల యుగమునకు బెంగళూరులో తెఱతీసినవాడు కోలారు వెంకటేశ అయ్యరు. 1897లో పుట్టి 1980లో మరణించిన ఈయన కన్నడమున "శాంతల", "రూపదర్శి" నవలలు వ్రాసిన సాహితీపరుడు. అదే సమయమున హెర్క్యులీస్ వ్యాయామశాలను నడిపిన దేహదారుఢ్యవేత్త. సూర్యనమస్కారములను, పాశ్చాత్యుల బరువులను జతచేసి, ఉత్తరముల ద్వారా దూరదేశములవారికి సయితము వ్యాయామము నేర్పెను. మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరు ఆయనకు ఆదరువుగ నిలిచెను. నవల వ్రాయు చేతితోనే ఇనుపగుండ్లెత్తిన ఇట్టివాడు మన భాషలో ఎవడైన ఉన్నాడా యని వెదకుకొనవలసియుండును. మట్టినేల గల గరడి మనెకును, అద్దములు బిగించిన నేటి జిమ్ములకును నడుమ వంతెన అయ్యరు వ్యాయామశాల యని చెప్పవచ్చును. కండ చుట్టుకొలత, ఛాతీ విశాలము, బరువు మొదలగువానిని అంగుళములలో పౌనులలో వ్రాసిపెట్టుట అక్కడ సహజమైనది. గుండె వడిని లెక్కించుటకు మాత్రము మఱికొంత కాలము పట్టినది.

ఈలోపల పాశ్చాత్యదేశములలో కాఫీ రహస్యమును రసాయనజ్ఞులు ఛేదించిరి. 1819లో జర్మను యువకుడు రుంగే, మహాకవి గేటే ఇచ్చిన కాఫీగింజలనుండి ఒక తెల్లని పదార్థమును వేఱుచేసెను. కవి ప్రోత్సాహమున శాస్త్రజ్ఞుడు కనుగొన్న మందు ప్రపంచమున ఇదియొక్కటే కావచ్చును. అదియే కెఫీన్. ఆ శతాబ్దపు చివరిదినములలో ఎమిల్ ఫిషర్ దానిని ప్రయోగశాలలో నిర్మించి చూపెను. టూరిన్ నగరమున ఆంజెలో మొస్సో వ్రేలితో బరువు లాగించి అలసటను గీతలుగ వ్రాయు యంత్రమును కల్పించెను. గదిలో కూర్చుండి చేయు వ్యాయామమును లెక్కలోనికి తెచ్చిన తొలి సాధనములలో ఇది ఒకటి.

ఆ యంత్రముతో కాఫీని పరీక్షించినవారిలో ముఖ్యుడు కేంబ్రిడ్జి పండితుడు రివర్స్. ఈయన మనకు పరాయివాడు కాడు. 1901, 1902 సంవత్సరములలో నీలగిరులకు వచ్చి తోడావారి జీవనమును పరిశీలించి 1906లో గ్రంథము ప్రకటించినవాడు ఈయనయే. మఱుసటి యేడు, అనగా 1907లో, వెబ్బర్ అను సహచరునితో కూడి కెఫీన్ కండరముల పనిశక్తిని పెంచునని నిరూపించు వ్యాసము వెలువరించెను. ఆ పరిశోధనలో గొప్పతనము ఫలితమునందుకంటె పద్ధతియందు కలదు. తాను త్రాగినది మందో, ఉత్తి ద్రవమో త్రాగువానికే తెలియకుండ రుచి మఱుగుపఱచిరి. కాఫీ త్రాగితిమను ఊహయే సగము ఉత్తేజమని రివర్స్ శంకించెను. ఈ శంకను మన వ్యాయామశాలలవారు నేటికిని శంకింపకపోవుట చింతింపదగినది.

1913లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు క్రోగ్ కదలని సైకిలును శాస్త్రసాధనముగ తీర్చిదిద్దెను. తొక్కువాడు చెమట కార్చునే గాని ఒక్క అడుగైనను ముందుకు పోడు. అతడు చేసిన పని యెంతయో లెక్క తప్పక తెలియును. కెఫీన్ పరిశోధన చాలవఱకు ఈ సైకిలుపైననే సాగినది. 1978లో అమెరికాలో కాస్టిల్ అను ఆచార్యుడు తొమ్మండ్రు సైకిలు వీరులకు ఒకసారి 330 మి.గ్రా. కెఫీన్ గల కాఫీని, మఱొకసారి కెఫీన్ తీసివేసిన కాఫీని ఇచ్చి, ఒక గంట ఆగి, వారి శక్తిలో నూటికి 80 పాళ్ళ తీవ్రతతో తొక్కించెను. కెఫీన్ లేనినాడు సుమారు 75 నిమిషములకు సోలిపోయినవారు అది ఉన్ననాడు సుమారు 90 నిమిషములు నిలిచిరి. ఈ ఫలితము ప్రపంచమంతట మాఱుమ్రోగినది. క్రొవ్వు కరగి ఇంధనమగుటయే కారణమని ఆనాడు చెప్పిన సమాధానము మాత్రము తరువాత నిలువలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. గుండె వడి యేమగును? లోకమున అందఱును నమ్మినది కాఫీ గుండెను పరుగెత్తించునని. పరిశోధనలు చెప్పునది అంత సూటిగ లేదు. 1978లోనే రాబర్ట్‌సన్ మొదలగువారు కాఫీ అలవాటులేని తొమ్మండ్రకు 250 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి కూర్చుండబెట్టి చూచిరి. రక్తపుపోటు గంటలో 14, క్రింది సంఖ్య 10 పాదరస మిల్లీమీటర్లు పెరిగినది. గుండె వడియో, మొదట కొంచెము తగ్గి పిమ్మట పెరిగినది. అదే బృందము 1981లో చూపినదేమనగా, కొన్నిదినములు వరుసగ పుచ్చుకొన్నవారిలో ఈ ప్రభావములు చాలవఱకు అణగిపోవును. నిత్యము త్రాగువాని దేహము కాఫీకి రాజీపడిపోవునన్నమాట.

కదలని సైకిలుమీదనో, పరుగుపట్టామీదనో మితముగ శ్రమించునపుడు జరిగిన పలు పరీక్షలలో, కెఫీన్ పుచ్చుకొన్నవారి గుండె వడి పుచ్చుకొనని నాటితో సమానముగనే ఉండుటయో, రెండుమూడు దెబ్బలు తక్కువగ ఉండుటయో సాధారణముగ కనబడినది. గరిష్ఠశ్రమలో గుండె చేరు పైహద్దును సయితము అది పెద్దగ మార్చదు. వ్యాయామము ముగిసిన పిదప నాడి నెమ్మదించుటలో కొందఱియందు ఆలస్యము కనబడినది. ఈ విషయమున ఫలితములు ఏకరీతిగ లేవు.

దీనికి కారణమును ఇట్లు గ్రహింపవచ్చును. కెఫీన్ రెండు చేతులతో రెండు వైపులకు లాగును. ఒక చేత అడ్రినలిను మొదలగు ఉత్తేజకములను పెంచి గుండెను వడిపఱచును. మఱొక చేత రక్తనాళములను బిగించి పోటు పెంచును. పోటు పెరిగినదని తెలిసికొన్న నాడులు గుండెను నెమ్మదింపజేయును. కూర్చున్నవానిలో ఈ రెండును ఇంచుమించు సరిసమానమగును. కసరత్తు చేయువానిలోనో, దేహమే గుండెను గట్టిగ తోలుచుండును. ఏఱు వరదమీదనున్నపుడు కడివెడు నీళ్ళు కలిపిన మట్టము తెలియదుగదా.

ఈ సందర్భమున తెలుగువారు గర్వింపదగిన అధ్యాయమొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, అచటి ఆయుర్వేదకళాశాలలో బోధించి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డునందు ఫిస్కే ఆచార్యునితో కలసి కండరములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెలువరించెను. ఆ పద్ధతితోనే కండర సంకోచమునకు సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, దేహమునకు ఇంధననాణెము వంటిదైన ఏ.టి.పి.ని 1929లోను ప్రకటించిరి. అదే యేడు జర్మనీలో లోమన్ సయితము ఏ.టి.పి.ని స్వతంత్రముగ కనుగొనెను. దండెము తీసినను, మెట్టెక్కినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగునది ఈ ఏ.టి.పి. యే. ఖర్చయిన నాణెమునుండి తుదకు మిగులు చిల్లర అడినోసిన్.

చిత్రమేమనగా, సరిగా ఆ 1929లోనే కేంబ్రిడ్జినందు డ్రూరీ, సెంట్ జ్యార్జీ అను ఇద్దఱు అడినోసిన్ జాతి పదార్థములు జంతువుల గుండెను నెమ్మదింపజేయునని, గుండె రక్తనాళములను విప్పునని ప్రకటించిరి. అట్లాంటికు సముద్రమునకు ఆవలనొకరు, ఈవల మఱొకరు ఒకే కథకు రెండు సగములు వ్రాసిరి. మూడవ సగము, అనగా వీనిని కాఫీతో కలుపు ముడి, మఱి నలుబదేండ్లకుగాని విడలేదు. 1970లో సాటిన్, రాల్ అను శాస్త్రజ్ఞులు మెదడు కణజాలమున కెఫీన్ జాతి పదార్థములు అడినోసిన్ పనికి అడ్డుపడుచున్నవని చూపిరి. శ్రమచే పోగుపడిన అడినోసిన్ మెదడు తలుపు తట్టి "ఇక చాలు, అలసితివి" అని చెప్పవలెను. కెఫీన్ ముందుగనే పోయి ఆ తలుపుకడ్డముగ కూర్చుండును. వార్తాహరుడు వచ్చి తిరిగిపోవును. వార్త మాత్రము అసత్యము కాలేదు.

ఇచట తెలుగుభాష యొక్క సూక్ష్మత మనకు సాయపడును. శ్రమపడినవాని స్థితిని చెప్పుటకు మనకు అలసట, ఆయాసము, దడ యను మూడు మాటలు కలవు. అలసట మనస్సునకు తోచునది. ఆయాసము ఊపిరికి సంబంధించినది. దడ గుండెచప్పుడు తనకే వినబడుట. ఈ మూడును ఒక్కటిగ పెరిగి ఒక్కటిగ తగ్గునని సామాన్యముగ తలంతుము. స్వీడనుదేశపు బోర్గ్ అను ఆచార్యుడు శ్రమయెంత కష్టముగ నున్నదో శ్రమించువాని నోటనే 6 మొదలు 20 వఱకు అంకెగ చెప్పించెను. ఆ అంకెను పదింతలు చేసిన ఆరోగ్యవంతుడైన యువకుని గుండె వడి ఇంచుమించుగ తెలియునట్లు దానిని కూర్చెను. అనగా అలసటయు గుండె వడియు జోడెడ్లవలె నడచునని ఆయన ఊహ. కెఫీన్ ఈ కాడిని విప్పివేయును. డోహర్టీ, స్మిత్ అనువారు 2005లో అనేక పరిశోధనలను క్రోడీకరించి, కెఫీన్ పుచ్చుకొన్నవారు వ్యాయామమధ్యమున చెప్పిన కష్టపు అంకె నూటికి సుమారు ఐదున్నర పాళ్ళు తగ్గినదని తేల్చిరి. గుండె వడి అట్లే యుండగా అలసట తగ్గినది. మనుజుడు తనకు సులువుగ నున్నదనుకొని ఇంకను కొంత బరువెత్తును, ఇంకను పది నిమిషములు తొక్కును. గుండె చేయవలసిన పని కాఫీ వలన పెరుగలేదు. కాఫీ ఇచ్చిన ధైర్యముచే పెరిగినది.

కాబట్టి "గుండె పగులును" అన్నవాడును, "కాఫీ లేనిదే చేయి లేవదు" అన్నవాడును చెరిసగము చెప్పిరి. దడ విషయము వేఱు. అలవాటులేనివానికిని, మోతాదు మించినవానికిని దడ తోచుట నిజమే. కాని దడ తోచినంతమాత్రమున వడి పెరిగినట్లు కాదు. వ్రేలు మణికట్టున పెట్టి గడియారము చూచి లెక్కించుకొన్నగాని తెలియదు.

గదిలో చేయు వ్యాయామమునకు మఱొక చిక్కు కలదు. లాల్‌బాగులో నడచువానికి గాలి తగిలి చెమట ఆఱును. కిటికీలు బిగించిన గదిలో కదలని సైకిలు తొక్కువానికి ఎదురుగాలి లేదు. దేహము వేడెక్కిన కొలది రక్తము చర్మమునకు మళ్ళును. పని పెరగకున్నను గుండె వడి నిమిషనిమిషమునకు మెల్లగ ఎక్కుచుండును. ఈ పెరుగుదలను చూచి కాఫీని నిందించువారు పెక్కురు. నిందింపవలసినది మూసిన కిటికీని. గరడి మనెలో మట్టిని తడిపి చల్లగ నుంచుట ఎందులకో మన పూర్వులకు తెలియును.

గుండె వడి పెరగలేదన్న మాత్రమున అంతయు క్షేమమని తలంపరాదు. 2006లో జూరిచ్ వైద్యులు 18మంది ఆరోగ్యవంతులకు 200 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి సైకిలు తొక్కించుచు గుండెకండరమునకు పారు రక్తమును కొలిచిరి. వ్యాయామమున గుండె తన రక్తప్రవాహమును పెంచుకొను శక్తి కెఫీన్ పిదప నూటికి 22 పాళ్ళు తగ్గినది. 4500 మీటర్ల ఎత్తును కృత్రిమముగ కల్పించినపుడు 39 పాళ్ళు తగ్గినది. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైచిలుకే కనుక రెండవ అంకె మనకు వర్తింపదు. ఆరోగ్యవంతులకు ఆ మొదటి తగ్గుదలతో అపాయము కలిగినట్లు ఆ వైద్యులు చూపలేదు. కాని గుండె నాళములు ముందే ఇఱుకైనవాని సంగతి ఆలోచింపదగినది. అడినోసిన్ ఆ నాళములను విప్పునది. కెఫీన్ దానికి అడ్డు. అలసట చెప్పవలసినవాడు చెప్పకపోయెను. నాళము విప్పవలసినవాడు విప్పకపోయెను.

2021 అక్టోబరు 29వ తేదీన కన్నడ చిత్రనటుడు పునీత్ రాజ్‌కుమార్ 46వ యేట హఠాత్తుగ మరణించినపుడు బెంగళూరు నగరము తల్లడిల్లినది. వ్యాయామమున ఆసక్తిగలవాడును, చూచుటకు సంపూర్ణారోగ్యవంతుడును నగు ఆయనకే ఇట్లయ్యెనే యని, ఆ తరువాతి దినములలో జనులు గుండె ఆసుపత్రులముందు బారులుతీరిరి. ఆయన మరణమునకును కాఫీకిని సంబంధమంటగట్టుట ఇచట ఉద్దేశము కాదు. అట్టి ఆధారము లేదు. ఆ దుఃఖము మాత్రము నగరవాసులకు ఒక ప్రశ్నను మిగిల్చినది. వెలుపలి కండను చూచి లోపలి గుండెను లెక్కగట్టవచ్చునా? వ్యాయామశాలలో చేరబోవు నలుబదేండ్ల వానిని బరువెంత, ఎత్తెంత యని అడుగుదురు. నాన్నగారికి గుండెజబ్బున్నదా, నీకు పోటున్నదా, చక్కెరయున్నదా యని అడుగువారు తక్కువ.

ఇక మోతాదు మాట. క్రీడాకారులకు సత్ఫలితమిచ్చినదని పరిశోధనలు చెప్పు మోతాదు దేహపు బరువులో కిలోకు 3 మొదలు 6 మి.గ్రా. అఱువది కిలోల మనుష్యునికి 180 మొదలు 360 మి.గ్రా. అగును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహారసూత్రములలో దినమునకు 300 మి.గ్రా. మించరాదని చెప్పినది. 150 మి.లీ. కాచిన కాఫీలో 80 మొదలు 120 మి.గ్రా., తక్షణ కాఫీలో 50 మొదలు 65 మి.గ్రా., తేనీటిలో 30 మొదలు 65 మి.గ్రా. ఉండునని ఆ సంస్థ లెక్క. దీనినిబట్టి పందెపువానికి చెప్పిన మోతాదు సామాన్యుని దినమంతటి పరిమితికి ఇంచుమించు సమానము. బెంగళూరు "బై టూ" కాఫీ త్రాగి వ్యాయామశాలకు పోవువానికి దక్కునది 60 మి.గ్రా.లు మించదు. వాని గుండెకు భయమును లేదు, వాని కండకు పెద్ద లాభమును లేదు. రుచి, స్నేహము మాత్రము దక్కును. మన కాఫీలో చికోరీ కలియుటచే ఇది ఇంకను తగ్గును. చికోరీలో కెఫీన్ లేదుగదా.

భయపడవలసినది లోటాను చూచి కాదు, డబ్బాను చూచి. వ్యాయామమునకు ముందు పుచ్చుకొనుడని అమ్ము రంగుల పొడులలో ఒక్క చెంచాకు 200 మి.గ్రా. గాని అంతకు మించి గాని కెఫీన్ గలవి కలవు. శుద్ధమైన కెఫీన్ పొడి ఒక్క టీచెంచా ఇరువదియెనిమిది కప్పుల కాఫీతో సమానమని అమెరికా ఆహారౌషధశాఖ హెచ్చరించి, దానిని పెద్దమొత్తములలో జనులకు నేరుగ అమ్ముటను 2018లో అరికట్టినది. కాఫీని నాలుక వారించును, కడుపు వారించును. మూడవ కప్పునకు చేయి వెనుకాడును. పొడిని వారించునది ఏదియు లేదు. అందునను ఉదయపు కాఫీ, మధ్యాహ్నపు తేనీరు, సాయంకాలపు పొడి యను మూడును ఒకే దేహములో కూడును. కెఫీన్ సగము కరగుటకు సుమారు ఐదుగంటలు పట్టును. గర్భవతులలో ఇంకను ఎక్కువ. సాయంకాలపు వ్యాయామమునకై పుచ్చుకొన్నది అర్ధరాత్రి నిద్రను చెఱచును. మఱునాటి అలసటకు మఱల కాఫీ కావలసివచ్చును.

క్రీడాధర్మదృష్టితోను ఈ ప్రశ్న చర్చకు వచ్చినది. ఒలింపిక్ సంఘమువారు 1984లో కెఫీన్‌ను నిషిద్ధవస్తువులలో చేర్చి, మూత్రమున ఒక హద్దు దాటరాదని విధించిరి. 1988 సియోల్ క్రీడలలో ఆస్ట్రేలియాకు చెందిన అలెక్స్ వాట్సన్ ఈ నియమముచేతనే బహిష్కృతుడయ్యెను. 2004 జనవరినుండి ఆ నిషేధము తొలగినది. లోకమంతయు త్రాగు కాఫీని నేరముగ ఎంచుట సాధ్యము కాకపోయెను.

బెంగళూరున ఇంటి కప్పు క్రింద ఆడు ఆటలలో నగరమునకు కీర్తి తెచ్చినది షటిల్. మల్లేశ్వరమున పెండ్లిమంటపములో ఆట నేర్చిన ప్రకాశ్ పదుకోణె 1980లో ఆల్ ఇంగ్లండు విజేత యయ్యెను. ఆయన బెంగళూరు శిక్షణాలయమున సానబట్టబడిన మన తెలుగువాడు పుల్లెల గోపీచంద్ 2001లో అదే కిరీటమును గెలిచెను. గెలిచిన వెంటనే శీతలపానీయపు ప్రకటనకై వచ్చిన ధనమును ఆయన కాదనెను. ఆ పానీయములలో చక్కెరయు, వానిలో పెక్కింట కెఫీన్‌యు ఉండును. తాను త్రాగనిదానిని పిల్లలను త్రాగుమని చెప్పజాలనన్నది ఆయన భావము. ఆనాడు ఆయన చేతిలో ధనరాశులు లేవన్నది గమనింపదగినది.

నేడు నగరమునందలి గుండె ఆసుపత్రులలో నడువలేని రోగులకు, కీళ్ళు పట్టినవారికి, పరుగుపట్టాపై నడిపించుటకు బదులు అడినోసిన్ మందునే నరమున ఎక్కించి గుండెకు రక్తమెట్లు పారుచున్నదో చిత్రములు తీయుదురు. మందు నాళములను విప్పును. విప్పుకొనని నాళము చిత్రమున బయటపడును. ఆ పరీక్షకు వచ్చువారికి వైద్యులు ముందుగనే ఒక కాగితమిత్తురు. ముందటి దినమునుండి కాఫీ, తేనీరు, కోలా పానీయములు, చాక్లెట్టు పుచ్చుకొనరాదని అందు వ్రాసియుండును. తెలిసియో తెలియకయో ఆ యుదయమున ఒక్క లోటాడు త్రాగి వచ్చినవానికి పరీక్ష వాయిదా వేసి మఱొకనాడు రమ్మందురు. కాఫీ లోపలనున్నంతసేపు మందు పట్టదు, ఇఱుకు నాళము కనబడదు.